రెండు ప్రభుత్వాల మధ్య కొన్ని తుపాకీ ఫారాలు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నేను ఆ తప్పును సోమవారం మధ్యాహ్నం కనిపెట్టానని ఆఫీసులో అందరూ అనుకుంటారు. కనిపెట్టిన వెంటనే చేయెత్తి చెప్పానని మెచ్చుకున్నారు కూడా. నిజానికి నాకు గురువారమే తెలుసు. శుక్ర, శని, ఆదివారాలు నోరు మూసుకుని కూర్చున్నాను. రోజూ రాసే డైరీలో కూడా ఆ నాలుగు రోజులూ వాన గురించే రాశాను.

ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను. షానన్ అనే ఇంకో ఊళ్లో వేరే కంపెనీలో చేస్తున్నాను. ఎంఎస్ అయిపోయి మొదటి ఉద్యోగానికి తిరుగుతున్న అమ్మాయిలు, అబ్బాయిలు నన్ను సలహా అడుగుతుంటారు. ఎదురుగా కూర్చుని చెప్పమంటే నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసు చెర్రీవుడ్‌లో, లువాస్ ట్రామ్ స్టాప్‌కి అయిదు నిమిషాల నడక. స్కాన్ చేసిన పాత కాగితాలను చదివి, అందులోని వివరాలను పట్టికలోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ మాది. నేను చేరిన ఏడాది మాకొచ్చిన పెద్ద పని తుపాకీ రిజిస్ట్రేషన్ ఫారాలు. ఏ దేశానివో చెప్పను, బయటపెట్టనని సంతకం పెట్టిన ఒప్పందం ఇంకా అమల్లోనే ఉంది. మనలాగే అక్కడా ఒక కేంద్రం, దాని కింద రాష్ట్రాలు ఉన్నాయని తెలిస్తే చాలు. వేటకీ పొలానికీ వాడే తుపాకుల్ని ప్రతి మనిషీ నమోదు చేయించుకోవాలని కేంద్రం ఎప్పుడో చట్టం చేసింది. ఆ ఫారాలన్నీ బొమ్మల రూపంలో మా దగ్గరికి వచ్చాయి.

మా టీమ్ లీడ్ గుంటూరు వైపు ఆయన. మీటింగుల్లో ఇంగ్లిష్, టీ దగ్గర తెలుగు. నేను అన్నా అనేదాన్ని. నా పక్క సీటు కిల్కెన్నీ నుంచి వచ్చిన పెద్దాయనది. పాత రోజుల్లో కాగితాల గోడౌన్లు చూసుకున్న మనిషి. కంప్యూటర్ అంటే ప్రేమ లేదు గానీ, కాగితం ఎక్కడ దారి తప్పుతుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. శనాదివారాలు ఊరికి వెళ్లి పొలం చూసుకునేవాడు. కాకుల్నీ నక్కల్నీ తోలడానికి ఆయనకీ ఒక షాట్‌గన్ ఉంది.

"దానికీ ఇలాంటి ఫారమే ఉంటుందా?" అని ఒకసారి అడిగాను. నా అంతట నేను ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటా.

"మూడేళ్లకోసారి నింపి మా ఊరి గార్డా పోలీసులకి ఇస్తాను. నా తుపాకీ సంగతి గార్డాలకి తెలుసు, మా ఆవిడకి తెలుసు. ఎక్కువ ప్రశ్నలు వేసేది గార్డాలు మాత్రం కాదు."

"ఇక్కడ కేంద్రం, రాష్ట్రం అని గొడవ లేదా?"

"దేశమంతటికీ ఒకటే పోలీసు. పోట్లాడుకోవడానికి రెండోవాడు ఉండాలి కదమ్మా."

అక్కడ రెండోవాడు ఉన్నాడు. మేం పని మొదలుపెట్టిన కొన్నాళ్లకి కేంద్రంలో ఆలోచన మారింది. వేట తుపాకులకి రిజిస్ట్రేషనే అక్కర్లేదని చట్టం రద్దు చేసి, ఉన్న రికార్డులన్నీ ఎక్కడున్నా తుడిచెయ్యమన్నారు. ఒక రాష్ట్రం ఒప్పుకోలేదు. మా ప్రజల రికార్డులు మాకివ్వండి, మా చట్టం మేం చేసుకుంటాం అని కోర్టుకెళ్లింది. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు, ఎక్కడో జరుగుతున్న గొడవ అనుకున్నాను. ఆ గొడవ నా కుర్చీలోకే వచ్చి కూర్చుంటుందని అనుకోలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

ఫారాలు కట్టలుగా వచ్చేవి. ప్రతి కట్టకీ ముందు ఒక పై కాగితం ఉంటుంది. ఈ కట్ట ఏ ఆఫీసు పంపింది, ఇందులో ఎన్ని ఫారాలు అని దాని మీద రాసి ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్‌కి పేరూ, తుపాకీ నంబరూ ఉన్న కాగితమే కాగితం. పై కాగితం ఎదురైన ప్రతిసారీ ఆగిపోయి ఎర్రగా తప్పు చూపించేది. రోజూ పొద్దున్నే ఆ ఎర్ర గీతల్ని ఒక్కొక్కటే దాటించడం నా పని. నాలుగు వారాలు చేసి విసుగెత్తి ఒక చిన్న రూల్ రాశాను. తుపాకీ నంబరు లేని కాగితం వస్తే దాన్ని 'ఖాళీలు' అనే ఫోల్డర్‌లో పడేసి ముందుకెళ్లిపోమని. మర్నాటికి ఒక్క ఎర్ర గీత లేదు. అన్న శుక్రవారం మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ రాత్రి డైరీలో మాత్రం రెండు పేజీలు రాసుకున్నాను.

పై కాగితాలు లేకపోవడంతో కట్టలన్నీ కలిసి ఒక్క కుప్ప అయ్యాయి. అన్నీ మాకు కేంద్రం ద్వారానే వచ్చాయి కాబట్టి, ఎవరు పంపారు అనే గడిలో అన్నిటికీ కేంద్రం పేరే పడింది. అప్పటికి అది ఎవరికీ అవసరం లేదు.

తుడిచేయమన్న ఉత్తర్వు మాకు ఒక బుధవారం వచ్చింది. సోమవారం మధ్యాహ్నానికి పని మొదలవ్వాలి. కోర్టులో కేసు ఉంది కానీ ఆపమని ఎవరూ చెప్పలేదని కేంద్రం లాయర్లు రాశారు. రికార్డులు ఎవరివని మా లాయర్లు పట్టిక చూశారు. అంతటా కేంద్రమే. సరే కానివ్వండన్నారు.

మా కంపెనీలో తుడవడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. జాబితాలో ఒక్కో వరుసనీ ఒకరు పైకి చదవాలి, రెండోవారు కాగితం మీద టిక్కు పెట్టి 'సరే' అనాలి. ఆ తర్వాతే మీట నొక్కాలి. కిల్కెన్నీ పెద్దాయన గోడౌన్ల రోజుల్లో పెట్టిన పద్ధతి అది. కొత్తవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఈసారి చదివేది నేను, టిక్కు పెట్టేది ఆయన.

నేను లంచ్ ఒక్కదాన్నే తింటాను. తింటూ ఏదో ఒకటి చదవకపోతే ముద్ద దిగదు. ఆ గురువారం తెచ్చుకున్న నవల అయిపోయింది. చేతికందింది తుపాకీ ఫారాల కాంట్రాక్టు. అందరూ మొదటి పది పేజీలు చదివి వదిలేసినది. చివర్న అనుబంధాలు ఉన్నాయి. మూడో అనుబంధం ఆ రాష్ట్రానిది. సారాంశం ఇదీ: మా కౌంటర్లలో మా ఉద్యోగులు తీసుకున్న ఫారాలు కూడా కేంద్రం ద్వారా మీకు పంపుతున్నాం, అవి మావే, పని అయ్యాక మాకే తిరిగి ఇవ్వాలి, ఏవి మావో కట్ట పై కాగితం చూసి తెలుసుకోండి.

పై కాగితం చూసి తెలుసుకోవాలి. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. డబ్బాలో పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

ఈ దేశంలో పని చేయడానికి కావాల్సిన నా పర్మిట్ కాగితాలు కంపెనీ ఇంకా సర్కారుకి పంపలేదు. అది ఒక కారణం. ఎవరో ఒకరు చూస్తారులే అన్న ఆశ ఇంకో కారణం. చూడరని తెలిసీ ఆశపడ్డాను. శుక్రవారం ఆఫీసు కిచెన్‌లో కప్పులు పెట్టే అలమర తలుపు తీస్తూ అన్న అడిగాడు.

"ఏంటమ్మా, మొహం అలా ఉంది? జ్వరమా? డాక్టర్ దగ్గరికి వెళ్లావా?"

"ఏం లేదన్నా. నిద్ర లేదు."

"సోమవారం అది తుడిచేస్తే ఇక ఈ తుపాకుల గోల వదిలిపోతుంది. తర్వాత నీ పర్మిట్ పని నేనే వెంటబడి చేయిస్తా."

మంచివాళ్లు మంచిగా మాట్లాడితే నిజం చెప్పడం ఇంకా కష్టం.

శనివారం కాకినాడకి ఫోన్ చేశాను. మా పిన్ని కలెక్టరాఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసు సంగతి బయట చెప్పకూడదు కాబట్టి ఊరికే అడిగినట్టు అడిగాను.

"పిన్నీ, ఒక ఆఫీసు ఫైళ్లు ఇంకో ఆఫీసు ఫైళ్లలో కలిసిపోతే ఎలా విడదీస్తారు?"

"అదేం ప్రశ్నే ఉన్నట్టుండి? అక్కడ ఏం వెలగబెడుతున్నావ్?"

"ఊరికే."

"గోదావరి అవతల మండలాలు మనలో కలిసినప్పుడు వ్యాన్లలో మూటలొచ్చాయి. తుపాకీ లైసెన్సులూ వచ్చాయి. అడవిపందుల నుంచి పంట కాపాడుకోడానికి ఇచ్చినవి. తాడు కట్టినవాడెవడో గానీ, వాళ్లవీ మనవీ ఏకం చేసి కట్టాడు. నేనూ ఇంకొకావిడా నెల్లాళ్లు దుమ్ములో కూర్చున్నాం."

"ఎలా తెలిసింది ఏది ఎవరిదో?"

"ఎలా ఏముంది? తపాలు ముద్ర చూడ్డమే. ఎవరి కౌంటర్లో తీసుకుంటే వాళ్ల ముద్ర పడుతుంది. కాగితం ఎవరి బీరువాలో ఉందని కాదే, మొదట ఎవరు చెయ్యి చాపి తీసుకున్నారని చూడాలి. దాంతోపాటు కవరింగ్ లెటరుంటుంది. కవరింగ్ లెటర్ పారేసేవాడు సెక్షన్లో టీలు ఇవ్వడానికి కూడా పనికిరాడు."

ఫోను చెవికి పెట్టుకునే వెళ్లి మంచం మీద కూర్చున్నాను.

"లైన్ కట్టయిందా? ఏమేవ్?"

"ఉన్నా పిన్నీ."

"అన్నం తిను ముందు. గొంతు పీలగా ఉంది."

సోమవారం చెర్రీవుడ్‌లో దిగలేదు. చివరి స్టాప్ దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చాను. వచ్చేలోగా ఏదైనా నిర్ణయం తీసుకుంటాననుకున్నాను. తీసుకోలేదు. మీకు నిజమే చెప్పాలి కదా.

మధ్యాహ్నం కిల్కెన్నీ పెద్దాయన పెన్సిలు చెక్కుకుని, కళ్లజోడు తుడుచుకుని పక్కన కూర్చున్నాడు. వెనకాల అన్న నిలబడ్డాడు. చిన్న ఫోల్డర్లు ముందు, పెద్దవి తర్వాత అని జాబితా తయారైంది. మొదటి వరుస మీద వేలు పెట్టాను.

"ఖాళీలు" అని చదివాను.

పెద్దాయన టిక్కు పెట్టలేదు. "ఖాళీలు అంటే ఏం ఖాళీలు?" అన్నాడు.

ఆ ప్రశ్న అడగాలని పద్ధతిలో ఎక్కడా లేదు. ఆయన కాగితాల మనిషి కాబట్టి అడిగాడంతే. ఖాళీ కాగితాన్ని ఎవరైనా ఎందుకు దాస్తారన్నది ఆయన అనుమానం. నా మీద అనుమానం కాదు. 'వట్టి పేజీలు' అనే రెండు మాటలు నా నాలుక చివర ఉన్నాయి. అంటే ఆయన టిక్కు పెట్టేవాడు. నేను మీట నొక్కేదాన్ని. పై కాగితాలు పోతే ఏ ఫారం ఎవరిదో చెప్పే సాక్ష్యం ఈ భూమ్మీద ఉండదు. ఆ రాష్ట్రం వాళ్లు కోర్టులో గెలిచినా ఓడినా ఒకటే, తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

"ఖాళీలు కావు" అన్నాను. "పై కాగితాలు. వాటిని అందులో పడేసింది నేను. ఇందులో కొన్ని కట్టలు కేంద్రానివి కావు."

పెద్దాయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు.

అన్న నన్ను చిన్న గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. తెలుగులోకి మారాడు.

"ఆ రూల్ నేను అప్రూవ్ చేశాను. తెలుసా?"

"తెలుసన్నా. రాసింది నేనని చెప్తాను. మీ పేరు అక్కర్లేదు."

"అక్కర్లేదంటే ఎలాగమ్మా? సిస్టంలో ఉంది నా పేరు, టైముతో సహా." కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "నువ్వు ఖాళీలు అని ఊరుకుంటే ఎవడికీ తెలిసేది కాదు."

"అవునన్నా."

"చప్పట్లు కూడా కొట్టించాను, నా ఖర్మ." కొంచెం సేపటికి లేచాడు. "పద. ఇద్దరం కలిసే చెబుదాం. ఒక్కదానివి చెబితే నీ గొంతు ఎవరికీ వినపడదు."

ఆ సాయంత్రమే కాల్ పెట్టారు. కేంద్రం నుంచి ఒక అధికారి, రాష్ట్రం నుంచి రికార్డులు చూసే ఒక పెద్దావిడ, మూడు వైపులా లాయర్లు. నన్ను మాట్లాడమన్నారు. నా పేరు చెప్పి, అక్కడే ఆగిపోయాను. అన్న మ్యూట్‌లో పెట్టి మెల్లగా అన్నాడు, "మాట్లాడకు. చదువు."

చదివాను. మూడో అనుబంధం మొదటి నుంచి చివరి దాకా చదివాను. తర్వాత ఖాళీల ఫోల్డర్లోంచి ఒక పై కాగితం తీసి చదివాను. ఏ ఊరి కౌంటర్, కట్టలో ఎన్ని ఫారాలు, ఎవరి సంతకం. మాటలు రానివాళ్లకి చదవడం రావచ్చని అన్నకి ఎలా తెలుసో నాకిప్పటికీ తెలీదు.

కేంద్రం అధికారికి కోపం వచ్చింది, కానీ అరవలేదు. "పొలాల్లో, అడవుల్లో బతికేవాళ్లకి మా పార్లమెంటు మాట ఇచ్చింది, మీ పేర్లు ఇక ఏ జాబితాలోనూ ఉండవని. ఆ మాట నిలబెట్టడం నా పని" అన్నాడు.

రాష్ట్రం ఆవిడ, "ఆ ఫారాలు మా కిటికీల దగ్గర మా మనుషులు తీసుకున్నవి. అవి ఉంచుకొమ్మని మా చట్టం చెబుతోంది. అది నా పని" అంది.

ఇద్దరూ నిజమే చెబుతున్నారనిపించింది. అంతకుముందు వార్తలు చదివినప్పుడు నేను ఒక పక్క ఉన్నాను. ఏ పక్కో ఇప్పుడు అనవసరం. ఆ కాల్ అయ్యాక మాత్రం నా పని పక్క తీసుకోవడం కాదని, ఎవరి కాగితం వాళ్లకి చేర్చడమని తెలిసింది. తమది కానిది తుడిపిస్తే రేపు జవాబు చెప్పాల్సింది తనేనని కేంద్రం అధికారికీ అర్థమైంది. విడదీయడానికి మూడు వారాలిచ్చారు.

నేనూ కిల్కెన్నీ పెద్దాయనా కూర్చున్నాం. ఖాళీల్లోని పై కాగితాల్ని వచ్చిన వరుసలో తిరిగి ఫారాల మధ్య పెట్టుకుంటూ పోయాం. నేను చదవడం, ఆయన టిక్కు పెట్టడం. నా గొంతు మొదటి వారం ఆయనకి వినపడేది కాదు, "మళ్లీ" అనేవాడు. రెండో వారానికి ఆ మాట మానేశాడు.

రెండు కట్టల దగ్గర ఇరుక్కున్నాం. వాటి పై కాగితాలు స్కాన్ చేసేటప్పుడే మడతపడి, పంపిన ఆఫీసు పేరు కనపడలేదు. రాష్ట్రం ఆవిడ, "అనుమానమున్నవి మాకే పంపండి, మేం చూసుకుంటాం" అని రాసింది. కేంద్రం అధికారి, "అనుమానమున్నవి తుడిచేయండి" అని రాశాడు.

"రాష్ట్రం వాళ్లకే ఇచ్చేద్దామా? పాపం" అన్నాడు అన్న.

"వద్దన్నా" అన్నాను. అంత గట్టిగా ఎలా అన్నానో. "ముద్రలు చూద్దాం."

రాష్ట్రం కౌంటర్ల వాళ్లు ఫారం తీసుకోగానే పైన కుడి మూల ముద్ర వేసేవాళ్లు, ఎప్పుడూ కొంచెం వంకరగా. కేంద్రం ఆఫీసుల ముద్ర కింద, సంతకం పక్కన. ఆ రెండు కట్టల్లో ఒక్కో ఫారాన్నీ తెర మీద పెద్దది చేసి చూశాం. ఒక కట్ట రాష్ట్రానిది, ఇంకోటి కేంద్రానిది. రాష్ట్రం కట్టలో మధ్యన కేంద్రం ముద్రతో కొన్ని ఫారాలు దూరి ఉన్నాయి. అవి తీసి ఇవతల పెట్టాం. పెద్దాయన కళ్లజోడు తీసి, "గ్రాండ్" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదట.

విడదీశాక, తీర్పు వచ్చేదాకా దేన్నీ తుడవొద్దని మూడు వైపుల లాయర్లూ ఒప్పుకున్నారు. కొన్ని నెలలకి కోర్టు తీర్పొచ్చింది. తన రికార్డులు తుడుచుకునే అధికారం కేంద్రానికి ఉంది, వాటిని రాష్ట్రానికి ఇవ్వాల్సిన పని లేదు అని. రాష్ట్రం ఓడిపోయింది. కానీ రాష్ట్రం సొంత ఫారాల మీద అప్పటికి తగాదా లేదు. అవి విడిగా, పై కాగితాలతో సహా ఉన్నాయి. కేంద్రానివి ఒక్కో వరుసా చదివి, టిక్కు పెట్టించుకుని నా చేత్తోనే తుడిచాను. రాష్ట్రానివి మర్నాడు వాళ్లకి అప్పగించాం.

నాకు పర్మిట్ వచ్చింది. అన్నకీ నాకూ చెరొక మందలింపు లేఖ వచ్చింది. నాది దాచుకున్నాను. నంబరు లేని కాగితం ఖాళీ కాదని ఇప్పుడు ఆ కంపెనీలో చేరిన ప్రతి ఒక్కరికీ మొదటిరోజే చెబుతారట. దానికి నేను సిగ్గుపడాలో గర్వపడాలో చాన్నాళ్లు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు గర్వపడుతున్నాను. తప్పు చేసిందీ నేనే, తీగ పట్టుకుని వెనక్కి వెళ్లి సరిచేసిందీ నేనే. మధ్యలో ఆ నాలుగు రోజులున్నాయి. మీకు అలాంటి రోజులొస్తే నాలుగు తీసుకోకండి. ఒకటి చాలు.

ఆ ఆఫీసులో నా చివరి వారంలో రాష్ట్రం ఆవిడ ఫోన్ చేసింది. అందినట్టు సంతకం అప్పుడే పంపేసింది కదా, మళ్లీ ఎందుకా అనుకున్నాను. లాయర్లెవరూ లేరు, ఆవిడా నేనూ అంతే. ఆవిడకి ఇంగ్లిష్ రెండో భాష, నాకూ అంతే, అందుకని ఇద్దరం నెమ్మదిగా మాట్లాడుకున్నాం. ఫారాలన్నీ వాళ్ల మనుషులు ఒక్కొక్కటే సరిచూశారట. ఆ పని ముందురోజే పూర్తయిందట.

"ఒక్కటీ తగ్గలేదు" అంది. "ఒక్కటీ ఎక్కువ కూడా రాలేదు. పొరపాటున కేంద్రానివి నాలుగు ఎక్కువ వస్తాయేమోనని నేను ఆశపడ్డానమ్మా, అబద్ధం ఎందుకు."